అర్జీ "పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది, కాలువ మాత్రం అట్లే ఉంది. ఇప్పుడేం చేయాలి?

కళ్యాణదుర్గం_కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న పల్లె. ఊరి పేరు రాయను, ఎవరినీ బజారుకీడ్చాలని కాదు, నాకు కాలువ బాగైతే చాలు. నేను బెంగళూరులో పని చేస్తాను, పదిహేను రోజులకోసారి ఊరికి వస్తాను.

మా కాలనీలో అంగన్‌వాడీ ముందరే మురుగు నిలుస్తుంది. కాలువ అని పేరే గానీ ఎప్పుడో తవ్వి వదిలేసిన గాడి అది, వాన పడితే నీళ్ళు గడప దాకా వస్తాయి, పిల్లల్ని ఎత్తుకుని రాళ్ళ మీద అడుగులేసుకుంటూ లోపలికి తీసుకుపోవాలి. రెండేళ్ళుగా నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి, పోయిన నెల ఫోన్లోనే అర్జీ పెట్టినాను. ఫోటోలు పెట్టినాను, నంబరు వచ్చింది, చాలా సంతోషపడ్డాను. తొమ్మిదో రోజు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజ్. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఎవరూ రాలేదు నాయనా, పార పెట్టిందే లేదు" అనింది.

సైట్లోకి పోయి చూస్తే పని అయిపోయినట్టు ఒక ఫోటో ఉంది. శుభ్రంగా ఉన్న సిమెంటు కాలువ, పక్కన నీలం రంగు గేటు, మీద వేపచెట్టు నీడ. మా కాలనీలో వేపచెట్టే లేదు. ఆ నీలం గేటు ఊరికి అవతలి వైపు పెద్దవీధిలో ఉంది, అక్కడ కాలువ కట్టి మూడేళ్ళయింది. చూసేకొద్దీ కడుపు మండిపోయింది నాకు.

ఇంకో విషయం. అర్జీలో నాన్న నంబరు ఇచ్చినాను. నాకంటే ముందే నాన్నకు ఒక కాల్ వచ్చిందంట, సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకుంటే రెండు నొక్కండి అని. ఆయన చేన్లో ఉన్నాడు, ఏదో కంపెనీ కాల్ అనుకుని చేతికందింది నొక్కినాడు. ఆయన నొక్కింది ఒకటి, అంటే సంతృప్తి అని.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఇప్పుడు నేనేం చేయాలి? రెండోది నన్ను ఎక్కువ బాధ పెడుతున్నది. మా ఊరి కుర్రోళ్ళు "ఇప్పుడన్నీ సెల్లులోనే కదా, గ్రామసభలూ గీమసభలూ ఎవరికి కావాలి" అంటున్నారు, గ్రామసభకు పట్టుమని ముప్పై మంది కూడా రారు. టెక్నాలజీ వల్ల మన మాటకు విలువ పెరిగిందా, తగ్గిందా? మీ ఊర్లలో ఎట్లుంది?

సచివాలయం_నుంచి:

తమ్ముడూ, నేను ఒక గ్రామ సచివాలయంలో పని చేస్తున్నాను, ఎక్కడో అడగొద్దు. లోపల జరిగేది నేను చూసినంత వరకు చెబుతాను.

నీ అర్జీ ఎవరో ఒకరి లాగిన్లో పడుతుంది. దానికి గడువు ఉంటుంది, గడువు దాటితే పైవాళ్ళ రివ్యూలో ఆ పేరు బయటికొస్తుంది, అందరి ముందూ మాట పడాల్సి వస్తుంది. కొత్తగా కాలువ కట్టాలంటే ఎస్టిమేట్ కావాలి, నిధులు కావాలి, తీర్మానం కావాలి, పది రోజుల్లో అయ్యే పని కాదు. అట్లని పెండింగ్ పెడితే టెన్షన్. అప్పుడు కొందరు ఏం చేస్తారంటే ఏదో ఒక ఫోటో పెట్టి మూసేస్తారు. తప్పే, నేను వెనకేసుకు రావట్లేదు. కానీ అర్జీ ఎంత త్వరగా మూసినారన్నదే లెక్క అయినప్పుడు మూయడమే పని అయిపోతుంది, ఈ మాట మా మీటింగుల్లో కూడా చెప్పినాను.

నువ్వు చేయాల్సింది ఇది. అదే అర్జీని రీ-ఓపెన్ చేయి, కొత్తది పెట్టొద్దు, కొత్తది పెడితే పాత కథ కనపడదు. వాళ్ళు పెట్టిన ఫోటో, నువ్వు తీసిన ఫోటో పక్కపక్కన పెట్టు, నీ ఫోటోలో తేదీ, లొకేషన్ పడేటట్టు తీయి. ఎండార్స్‌మెంట్ కాపీ అడుగు, అంటే ఏ కారణంతో మూసినారో రాతపూర్వకంగా. పోయిన అర్జీలో నువ్వేం రాసినావో నాకు తెలీదు గానీ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతా, ఒకే అర్జీలో కాలువ, వీధి దీపం, రేషన్, పింఛను అన్నీ కలిపి రాస్తారు. అందులో దీపం ఒక్కటి వెలిగినా అర్జీ మూసేస్తారు. ఒక అర్జీకి ఒకటే సమస్య రాయి, అంగన్‌వాడీ నుంచి ఎన్ని మీటర్లు అనేది కొలిచి రాయి. ఈసారి నీ సొంత నంబరు ఇయ్యి. చదువు రాని పెద్దోళ్ళ ఫోన్లకు ఆ కాల్ పోతే వాళ్ళు నొక్కింది ఏదో వాళ్ళకే తెలీదు, లెక్కల్లో మాత్రం "సంతృప్తి" అని చేరుతుంది.

పెన్నా_ఒడ్డు:

నేను ఒప్పుకోను అన్నా. మాది ప్రొద్దుటూరు దగ్గర. గ్రామసభ గురించి అంత గొప్పగా అనుకోవడం దేనికి? మా ఊర్లో సభ అంటే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు మాట్లాడతారు, వెనకున్నోళ్ళు సంతకం పెట్టి పోతారు. మా నాన్న ఇరవై ఏళ్ళుగా పోతున్నాడు, ఒక్కసారీ నోరు విప్పలేదు. అదే నాకు కాలేజీ అడ్మిషన్‌కు ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాల్సొచ్చి వాట్సాప్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ 'మన మిత్ర' సేవ నంబరుకు మెసేజ్ పెట్టినాను, 95523 00009. ఆ సేవ 2025 జనవరి 30న మొదలైంది, మొదట్లోనే 161 సేవలు పెట్టినారు. ఇదివరకు మా అక్క అదే సర్టిఫికెట్ కోసం మండలాఫీసుకు కాళ్ళరిగేలా తిరిగింది, ఒక్కోసారి బస్సుకు, జిరాక్సులకు, భోజనానికి ఖర్చు, పైగా ఒకరోజు కూలి పోయేది. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడకుండా నా కాగితం నాకు రావడం చిన్న విషయం కాదు. మా వాళ్ళకు అదే పెద్ద గౌరవం. నీ కాలువ విషయంలో తప్పు మనిషిది, ఫోన్‌ది కాదు.

ఆలూరు_మేట్_అక్క:

తమ్ముడూ పెన్నా ఒడ్డూ, నువ్వు చెప్పిన సర్టిఫికెట్ మాట నిజమే, మా పాపకు కూడా అట్లే తెచ్చినాను. కానీ సర్టిఫికెట్ వేరే, కాలువ వేరే. సర్టిఫికెట్ నీ ఒక్కడిది, కాలువ ఊరిది. ఫోన్లో నీ పని నువ్వు చేసుకోవచ్చు, ఊరి పని ఒక్కడివి చేసుకోలేవు.

నేను కర్నూలు జిల్లా ఆలూరు వైపు ఉపాధి హామీ పనిలో మేట్‌ని, అంటే కూలోళ్ళ పని, హాజరు చూసేదాన్ని. మాకు హాజరు వేయడానికి ఎన్ఎంఎంఎస్ అని యాప్ ఉంది, 2021లో వచ్చింది, 2023 జనవరి 1 నుంచి అందరికీ తప్పనిసరి చేసినారు. పొద్దున ఒక ఫోటో, మళ్ళీ కొన్ని గంటలు పోయినాక ఇంకో ఫోటో, చోటుతో సహా ఎక్కాలి. ఎందుకు పెట్టినారో నాకు తెలుసు, పనికి రానోళ్ళ పేర్లు రాసి డబ్బు తినేది ఉండేది, అది ఆగాలి. ఆగడం మంచిదే. కానీ గట్టు మీద సిగ్నల్ ఉండదు. కందకాలు తవ్వి తొమ్మిదిన్నరకంతా పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాల. ఒకరోజు మార్చి నెలాఖరులో ఇరవై రెండు మంది ఆడోళ్ళు తుమ్మచెట్టు కింద కూర్చున్నారు, అది పేరుకే నీడ, పలుగులు కాలిపోతున్నాయి పట్టుకుంటే. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని గట్టు మీదికి, కిందికి తిరిగినాను. ఆ రోజు ఫోటో ఎక్కలేదు. సగం మస్టర్, అంటే సగం హాజరు పోయింది. పని చేసింది అందరూ చూసినారు, మట్టి కళ్ళ ముందర ఉంది, ఫోన్ మాత్రం చూడలేదు.

నాకు అర్థమైంది చెబుతా. సర్కారు మమ్మల్ని చూడ్డానికి యాప్ ఉంది, రోజుకు రెండుసార్లు చూస్తుంది. మేము సర్కారును చూడ్డానికి ఏముంది? మా కూలి ఎందుకు ఆలస్యమైంది, ఏ ఆఫీసులో ఆగింది, అది కూడా అంత కచ్చితంగా మా ఫోన్లో కనపడాల కదా. పైనోళ్ళకు కూడా తెలుసు, ఫోటోని చూసి ఇంకో ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తరం రాసింది. అంటే దొంగతనం చేసేవాడు దారి వెతుక్కున్నాడు, ఎండలో కూర్చునేది మాత్రం మేమే.

ఇంకొకటి, మా ఊర్లో పంటలు లేక సగం మంది సుగ్గికి పోతారు, గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి. ఇదివరకు గ్రామసభ అంటే తలారి చాటింపు వేసేవాడు, ముసలోళ్ళకు కూడా తెలిసేది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తారు, చెప్పినట్టే లెక్క. మా కాలనీలో చాలా మంది ఆడోళ్ళ దగ్గర బటన్ ఫోన్లే. సుగ్గి నుంచి వచ్చినాక "సభ ఎప్పుడు జరిగింది అక్కా" అని నన్ను అడుగుతారు. రాలేదు రాలేదు అంటారు గానీ, పిలిచింది ఎవరిని?

నార్పల_పెద్దాయన:

ఆ అమ్మాయి అడిగిన మాట నాకు బాగా తగిలింది. నేను రిటైరైన టీచర్ని, మాది నార్పల వైపు. కుర్రోళ్ళకు గుర్తుండకపోవచ్చు గనుక కాస్త వివరంగా రాస్తాను.

ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది మా మండలంలోని బండ్లపల్లిలో. దేశం మొత్తానికి కరువు జిల్లా అయిన మా అనంతపురంలో మొదలైంది. అదే ఏడాది మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలైనాయి. అప్పుడూ కంప్యూటర్ ఉంది. మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు. కానీ ఆ లెక్కలు కంప్యూటర్లోనే ఉండిపోలేదు, కాగితాల మీద అచ్చేసి ఊరికి తెచ్చేవాళ్ళు. చదువుకున్న పిల్లలు, కూలోళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలే, ఇల్లిల్లూ తిరిగి "అమ్మా, నీ పేరు మీద ఇన్ని రోజులు, ఇంత డబ్బు అని ఉంది, నిజమేనా" అని అడిగేవాళ్ళు. గోడల మీద పేర్లు రాసేవాళ్ళు. ఆఖర్న మండలంలో ప్రజావేదిక, అధికారులు ఒక పక్క, జనం ఒక పక్క, ఒక్కో ఊరి నివేదిక మైకులో చదివేవాళ్ళు.

ఒక ప్రజావేదికలో నేను కూర్చున్నాను. ఒక ముసలామె పేరు చదివినారు, పన్నెండు రోజులు పని చేసినట్టు, డబ్బు తీసుకున్నట్టు. ఆమె కొంగు నడుముకు దోపుకుని లేచింది. "నాకు మోకాళ్ళు నొప్పులు నాయనా, రెండేళ్ళయింది పార పట్టి" అనింది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. డబ్బు ఇచ్చినట్టు రాసినాయన తల దించుకున్నాడు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ లెక్క కంప్యూటర్లో అంతకు ముందు నుంచీ ఉంది, ఎవరైనా చూడొచ్చు, కానీ పదిమంది మధ్య చదివిన రోజే అది పట్టుబడింది.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్ళు 1994లో మొదలుపెట్టిన బహిరంగ విచారణల దారి ఇదే, సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందంటే దాని వెనక ఆ పోరాటం ఉంది. మన రాష్ట్రంలో 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టినారు. కాబట్టి బాబూ, ఫోన్ మంచిదా సభ మంచిదా అని విడదీయొద్దు. ఫోన్లో ఉన్న లెక్క సభలోకి రావాలి. పెన్నా ఒడ్డు వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళు నోరు విప్పలేదంటే, ఆయన చేతిలో ఏ కాగితమూ లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. చేతిలో లెక్క ఉంటే వెనక వరుసలో ఉన్నోడికి కూడా గొంతు వస్తుంది, నేను చూసినాను.

కడప_అర్జీదారు:

సార్ చెప్పిన దానికి తోడు, కాలువ విషయానికి పనికొచ్చేవి చెబుతాను.

ఈగ్రామ్‌స్వరాజ్ అని కేంద్రం వాళ్ళ పోర్టల్ ఉంది, 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టినారు. లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే మీ ఊరి అభివృద్ధి ప్రణాళికలో ఏ పనులు రాసుకున్నారో, దేనికి ఎంత ఖర్చు పెట్టినారో కనపడుతుంది. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చే డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని నిబంధన. మురుగు కాలువ అందులోకే వస్తుంది. కాబట్టి "నిధులు లేవు" అంటే, పారిశుద్ధ్యం కింద ఏం ఖర్చు పెట్టినారో అడగడానికి నీకు చేతిలో కాగితం ఉంటుంది.

సమాచార హక్కు దరఖాస్తు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఉచితం, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలా మందికి తెలీనిది ఏమంటే, ఆ చట్టంలో సమాచార హక్కు అంటే కాగితాలే కాదు, పనిని స్వయంగా పోయి తనిఖీ చేసే హక్కు కూడా ఉంది, సెక్షన్ 2(జె). "ఫలానా అర్జీ పరిష్కారమైనట్టు చూపిన పనిని తనిఖీ చేయడానికి అనుమతించండి" అని రాయి. ఏ కాలువ చూపిస్తారో చూద్దాం.

గ్రామసభ సంగతికి వస్తే, 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు సభలు పెట్టినారు. ఆ రోజు మా ఊర్లో కూడా జనం వచ్చినారు. పిలిస్తే వస్తారు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, ఎవరి దయ వల్లనో కూర్చునేది కాదు. ఇంకోటి, సభలో మాట్లాడిన మాటల ఆడియో నుంచి మినిట్స్, అంటే సభలో జరిగిన దాని రాత, తయారు చేసే సభాసార్ అనే ఏఐ పరికరం 2025 ఆగస్టులో వచ్చింది. బాగానే ఉంది, కానీ మాట్లాడకపోతే అది మాత్రం ఏం రాస్తుంది.

పెన్నా_ఒడ్డు:

పెద్దాయన మాట మా నాన్నకు చదివి వినిపించినాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ కాగితం యాడ దొరుకుతుందిరా" అని అడిగినాడు. మా పంచాయతీది తీసి పెట్టినాను. మా వీధి బోరు మోటారు రిపేరుకు ఒకే ఏడాదిలో మూడుసార్లు డబ్బు పడినట్టుంది. మూడుసార్లు చెడిపోయి ఉండొచ్చు, నాకు తెలీదు. వచ్చే సభకు ఆయన వెంట నేనూ పోతాను, ఆయనే అడుగుతానంటున్నాడు.

కళ్యాణదుర్గం_కుర్రోడు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

అర్జీ రీ-ఓపెన్ చేసినాను, రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి. మా చెల్లెలు టేపు పట్టుకుని కొలిచింది, అంగన్‌వాడీ గడప నుంచి కల్వర్టు దాకా 64 మీటర్లు. ఈగ్రామ్‌స్వరాజ్‌లో మా పంచాయతీ తీసి చూస్తే కాలనీ కాలువ ప్రణాళికలో ఉండనే ఉంది, రెండేళ్ళ క్రితమే రాసుకున్నారు, ఖర్చు మాత్రం ఏమీ చూపలేదు. పెద్దవీధిలో మట్టి తీసినట్టు రెండు చెల్లింపులు ఉన్నాయి. ఆ పేజీలు రెండు అచ్చు తీయించినాను, కళ్యాణదుర్గంలో ఇరవై రూపాయలైంది.

ఆలూరు అక్క చెప్పినట్టు చాటింపు వేయించమని కార్యదర్శి గారికి కాగితం ఇచ్చినాము. ఆయన కాదనలేదు, "నాకూ జనం వస్తేనే మంచిది" అన్నాడు. మొన్న శనివారం సభకు మా కాలనీ ఆడోళ్ళే నలభై మందికి పైగా వచ్చినారు, అంగన్‌వాడీ టీచరమ్మ కూడా. నేను మాట్లాడదామని లేచినాను గానీ అమ్మ నా చేతిలో కాగితం లాక్కుంది. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. కూడబలుక్కుంటూ చదివింది, "కాలనీ... మురుగు... కాలువ", అంకె దగ్గర ఆగి నన్ను చూసింది, నేను చెప్పినాను, మళ్ళీ గట్టిగా చదివింది. తర్వాత "ఇది రాసి రెండేళ్ళయింది సార్, మా కాలువ యాడుంది?" అని అడిగింది. నీలం గేటు ఫోటో కూడా చూపించినాము. ఆ గేటు వాళ్ళే లేచి "అది మా ఇల్లే" అన్నారు.

ఇంజినీరింగ్ అసిస్టెంట్ సోమవారం వచ్చి కొలుస్తానన్నాడు, వచ్చినాడు, 64 మీటర్లే వచ్చింది. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసినారు, నంబరుతో సహా ఫోటో తీసుకున్నాను. పని ఇంకా మొదలు కాలేదు, అర్జీ పెండింగ్‌లోనే ఉంది. తీర్మానం కాపీ మీద సంతకం, ముద్ర వేయించి తీసుకోవాలంటే దరఖాస్తు ఎవరికి పెట్టాలి, కార్యదర్శికేనా? కడప అన్నా, నీకు తెలిస్తే చెప్పు. ఎస్టిమేట్ తయారైనాక దాని కాపీ కూడా అడుగుదామనుకుంటున్నాను.